మచ్చను కాదు, పిల్లను చూడండి

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచీ లెక్కలు విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజి ఎంత, రికవరీ ఎంత అని అన్నీ చెప్పుకున్నాం. ఈ ఏడాది మీ ఊళ్లో చేసిన ఒక పని గురించి చెప్పమని మమ్మల్ని అడిగారు. మేము చెప్పబోయేది వినడానికి చిన్నగానే ఉంటుంది. రాత్రి పక్కలో పిల్లల్ని పురుగూ పుట్రా కుడితే ఏం చేయాలి, కుట్టకుండా పడక ఎట్లా సర్దుకోవాలి, ఇదీ సంగతి. ఇందులో పెద్ద చదువులేమీ లేవు, మేమూ పదో తరగతి చదివిన వాళ్లమే. మా మీటింగులకు ఆశా అక్క, ఏఎన్ఎం గారు, పీహెచ్‌సీ డాక్టరమ్మ వచ్చి చెప్పిన మాటలు, మేము ఇళ్లల్లో చేసి చూసుకున్నవి కలిపి చెబుతున్నాం.

ముందు ఒక మాట. పుస్తకాల్లో పిల్లల పడకగది అని రాస్తారు. మనలో ఎంతమందికి అట్లాంటి గది వేరేగా ఉంది? ఉన్నది ఒక గది, ఒక వసారా. ఆ గదిలోనే వడ్ల బస్తాలు, దండెం మీద బట్టలు, మూలన పాత సామాన్లు, పొలం మందు డబ్బా, నడుమ చాప, చాప మీద పిల్లలు. నాపరాతి గోడలైతే రాళ్ల సందులు, మట్టి మిద్దె అయితే పైన దూలాల సందులు. అన్ని జీవాలకూ అందులో చోటుంది. కాబట్టి మనం మాట్లాడేది అట్లాంటి గది గురించే.

తెల్లారి లేచేసరికి పిల్ల ఒంటి మీద ఎర్రగా దద్దురు కనిపిస్తుంది. ఏం కుట్టిందో ఎవరికీ తెలియదు. వెంటనే 'సాలెపురుగు పారింది' అంటాం. సాలెపురుగు మీద మనం వేసే నిందల్లో చాలావరకు నిజం లేదు. మన ఇళ్లల్లో తిరిగే సాలెపురుగులు మనిషి జోలికి రావు. గోడ మీద అరచెయ్యంత పెద్దగా, చదునుగా, పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకుని తిరిగేదాన్ని చూసి భయపడతాం కదా, ఆ బిళ్ల దాని గుడ్ల సంచి. అది బొద్దింకల్ని పట్టి తింటుంది. చేత్తో పట్టుకుని నలిపితే కొరుకుతుందేమో గానీ పక్కలోకి వచ్చి కరిచే అలవాటు దానికి లేదు. నీలంగా మెరిసే పెద్ద సాలెపురుగు ఒకటి మన సీమలోనే ఉంది. దాన్ని గుత్తిలో కనుక్కున్నారు కాబట్టి ఆ ఊరి పేరే దానికి పెట్టారు. 1899లో దాని గురించి మొదటిసారి రాశారు. మళ్లీ 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. అది కరిస్తే నొప్పి బాగానే ఉంటుంది. కానీ అది చెట్టు తొర్రలో ఉండేది, మన ఇంటి చాప దాకా రాదు. సాలెపురుగు అనుకుని ఊరుకుంటే అసలు కుట్టినదేదో వెతకడం మానేస్తాం. చిక్కంతా అక్కడే ఉంది.

అందుకని మచ్చ ఎట్లా ఉంది, ఎక్కడ ఉంది అని ఒకసారి చూడండి. మూడు నాలుగు దద్దుర్లు వరసగా, దారం పట్టి గీసినట్టు ఉంటే నల్లులు. నల్లి రోగం అంటించదు, కానీ పిల్లకు నిద్ర ఉండదు. పగలు వెతికితే మంచం కోళ్ల సందుల్లో, నవ్వారు మడతల్లో, దిండు కుట్లలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి, అవి దాని రెట్ట. బట్ట కప్పని చోట విడివిడిగా దద్దుర్లుంటే దోమలు. కాళ్ల వేళ్ల మధ్య, నోటి పక్కన, పాలు కారిన మెడ దగ్గర చిన్న చిన్న పొక్కులుంటే చీమలు. పసిపిల్లకు పాలు పట్టాక నోరు, మెడ తడిగుడ్డతో తుడిచి, తడిసిన బట్ట మార్చితే సగం చీమలు రావు.

ఇంకో పురుగు ఉంది. వానలు పడి వరి పచ్చగా ఉన్న రోజుల్లో రాత్రి లైటు చుట్టూ తిరుగుతుంది. చీమంత ఉంటుంది, సన్నగా పొడుగ్గా, ఎరుపూ నలుపూ పట్టీలతో. ఇది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు మనం చేత్తో రుద్దేస్తాం చూడండి, అప్పుడు అది నలిగి దాని రసం చర్మానికి తగులుతుంది. ఆ రాత్రి ఏమీ తెలియదు. ఒకరోజు గడిచాక కాలినట్టు ఎర్రటి చార, దాని మీద నీటి పొక్కులు వస్తాయి. చూసిన వాళ్లు సర్పి అంటారు, సాలెపురుగు అంటారు. పిల్లలకు చెప్పండి, ఆ పురుగు వాలితే రుద్దొద్దు, ఉఫ్ అని ఊదెయ్యమని. నలిగితే వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి, ఆ చేత్తో కన్ను తుడుచుకోకూడదు. పడుకునే గదిలో లైటు తొందరగా ఆర్పితే అవి లోపలికి రావడమే తగ్గుతుంది.

వీటన్నిటికీ ఇంటి వైద్యం ఒక్కటే, చవకైనది. సబ్బు నీళ్లతో కడగడం, చల్లటి నీళ్లలో ముంచిన గుడ్డ పది నిమిషాలు వేయడం, గోళ్లు కత్తిరించడం. దురద ఎక్కువగా ఉంటే కాలమైన్ లోషన్ రాయొచ్చు. సున్నం, పళ్ల పేస్టు, పొగాకు, బూజు, పేడ, ఇవేవీ పెట్టకండి. పురుగు కుట్టినచోటు కన్నా గోకి పుండు చేసిన చోటే మా పిల్లల్ని ఎక్కువ బాధపెట్టింది. ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా పీహెచ్‌సీకి పోవాలి.

చెవిలో పురుగు దూరితే పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టొద్దు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేస్తే పురుగు కదలడం ఆగుతుంది. తర్వాత ఆస్పత్రిలో తీయిస్తారు. చెవిలో చీము కారే పిల్లకు మాత్రం నూనె కూడా వేయకూడదు. జెర్రి కుడితే నొప్పి చాలా ఉంటుంది, పిల్ల తట్టుకునేంత వేడి నీళ్ల గుడ్డతో కాపడం పెడితే తగ్గుతుంది. ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. అయినా కుట్టింది జెర్రేనని చూసి నిర్ధారణ చేసుకోవాలి.

కందిరీగ గానీ తేనెటీగ గానీ కుడితే ముల్లు కనిపిస్తే గోటితో వెంటనే గీకి తీసెయ్యండి. కొందరు పిల్లలకు అది పడదు. పెదాలు, ముఖం వాచి, ఒళ్లంతా దద్దుర్లెక్కి, ఊపిరి ఆడకపోతే అది నిమిషాల మీద ఉన్న ప్రాణం. ఇంకేం చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇంకో మచ్చ గురించి చెప్పాలి. ఇది పడకలో కుట్టేది కాదు, పొదల్లో, గడ్డిలో ఆడుకునేటప్పుడు పట్టేది. పురుగు కంటికి ఆనదు. స్నానం చేయించేటప్పుడు చంకలో, గజ్జల్లో, బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఒకటి కనిపిస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. కానీ పిల్లకు జ్వరం విడవదు. దాన్ని స్క్రబ్ టైఫస్ అంటారు. తొందరగా గుర్తుపడితే మామూలు మందులతోనే తగ్గుతుంది. ఆలస్యమైతే లోపలి అవయవాలకు పాకుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు, ఒంటి మీద ఇట్లాంటి పెచ్చు ఉంటే అది చూపించి చెప్పండి. డాక్టరుకు అదే సగం దారి చూపుతుంది.

ఇంతవరకూ చెప్పినవాటిలో చాలావరకు మచ్చ చూసి తెలుసుకునేవి. ఇక్కడి నుంచి చెప్పేది మచ్చతో తెలిసేది కాదు. ఇది చెప్పడానికే ఇవాళ మేము మైకు పట్టుకున్నాం.

మా ఊళ్లో రెండేళ్ల కిందట వానాకాలంలో ఒక ఇంట్లో జరిగింది చెబుతాం. ఆ తల్లి మా సంఘం సభ్యురాలే, ఆమె ఒప్పుకున్నాకే చెబుతున్నాం. ఆరేళ్ల పిల్ల నాయనమ్మ పక్కన కింద పడుకుంది. తెల్లవారుజామున లేచి కడుపు నొప్పి అని ఏడ్చింది. చెవి కింద చిన్న గుర్తు ఉంది, దోమ కుట్టినట్టు. వాపు లేదు, రక్తం లేదు. 'రాత్రి తిన్నది పడలేదు, పురుగేదో కుట్టింది, పడుకో' అన్నారు. కాసేపటికి పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్ర అనుకున్నారు. నీళ్లు తాగించబోతే మింగలేక పక్క నుంచి కారిపోయాయి. మాట ముద్దగా వచ్చింది. అప్పుడు ఆ తల్లికి అంతకు ముందు నెల మీటింగులో ఆశా అక్క చెప్పింది గుర్తొచ్చింది. ఇది నిద్ర కాదు, కట్లపాము అని అరిచింది. 108 వచ్చింది, పెద్దాస్పత్రిలో పాము మందు ఎక్కించారు, రెండు రోజులు మిషను మీద ఊపిరి పెట్టారు. పిల్ల దక్కింది. ఇప్పుడు బడికి పోతోంది.

కట్లపాము సంగతి అందరూ తెలుసుకోవాలి. అది రాత్రి తిరుగుతుంది. కింద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది. కోరలు చిన్నవి, నొప్పి దాదాపు ఉండదు, గుర్తు సరిగా కనబడదు. అందుకే దాన్ని పురుగు కాటు అనుకుంటారు. గుర్తు చూస్తూ కూర్చుంటే ఏమీ తెలియదు. పిల్లను చూడాలి. కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, మెడ నిలబడకపోవడం, కారణం లేని కడుపునొప్పి, వాంతి. రాత్రి నిద్రలోంచి లేచిన పిల్లలో వీటిలో ఏది కనిపించినా పాము కాటే అనుకుని బయలుదేరండి. కాదని తేలితే మంచిదే కదా, ఆటో ఖర్చుతో పోతుంది.

పాము విషానికి విరుగుడు మందు ఒక్కటే, ఆస్పత్రిలో ఎక్కించే ఇంజక్షను. ఆ మందు చేయడానికి కావలసిన విషం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మీకు సంతోషమనిపిస్తుంది. తమిళనాడులో ఇరుల గిరిజనులు 1978లో ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. వాళ్లు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్నే మందు కంపెనీలకు అమ్ముతారు. మనలాగే చేతులు కలిపిన పేదవాళ్ల సంఘం చేసే పనితో మన పిల్లల ప్రాణాలు నిలుస్తున్నాయి.

ఇంక తేలు. నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బను చూస్తే మనకు భయం ఎక్కువ. కానీ పిల్లల ప్రాణం తీసేది అది కాదు, చిన్నగా ఉండే ఎర్రతేలు. అది కుట్టినప్పుడు విషం గుండె మీద పని చేస్తుంది. ఇక్కడా పిల్లనే చూడాలి. ఒళ్లంతా చెమటతో తడిసిపోవడం, వాంతులు, చొంగ కారడం, చేతులు కాళ్లు చల్లబడటం, గుండె దడదడ కొట్టుకోవడం, ఆయాసం, దగ్గు. కుట్టినచోట నొప్పి తగ్గింది కదా అని నమ్మొద్దు. నొప్పి తగ్గినా చేతులు చల్లగా ఉంటే గండం గడవలేదు. తేలు కుట్టిన పిల్లను, ముఖ్యంగా చిన్నపిల్లను, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోయి, డాక్టరు చాలన్నదాకా అక్కడే ఉంచాలి.

దీనికి మందు లేదని కొందరు అంటారు. ఉంది. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊరి దగ్గర హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు గారు పల్లె ఆస్పత్రిలో పని చేస్తూ, తేలు కుట్టి చనిపోతున్న పిల్లల్ని చూసి, రాత్రింబవళ్లు వాళ్ల పక్కన కూర్చుని గమనించారు. ఆయన భార్య ప్రమోదిని గారూ డాక్టరే, ఇద్దరూ కలిసి పనిచేశారు. బీపీకి వాడే ప్రాజోసిన్ అనే మామూలు మాత్ర ఈ విషాన్ని అణుస్తుందని చూపించారు. బాగా విషమెక్కినవాళ్లలో అంతకుముందు వందకు నలభై మంది దాకా పోయేవాళ్లు, ఆ మాత్ర వచ్చాక అది వందకు ఒకరికి తగ్గింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అయితే ఆ మాత్ర మనంతట మనం వేసేది కాదు, బీపీ చూసి, పిల్ల బరువు చూసి డాక్టరు వేయాలి. మన పని ఒక్కటే, వేళకు చేర్చడం.

వేళకు చేర్చడం దగ్గరే మనం ఓడిపోతున్నాం. కారణాలు మనకు తెలుసు. మొదటిది మంత్రం. మంత్రం వేసేవాళ్లను తిట్టడానికి మేము రాలేదు, వాళ్లూ మన ఊరివాళ్లే, డబ్బు కూడా అడగరు. కానీ ఒక లెక్క చూడండి, మనకు లెక్కలు వచ్చు కదా. మామూలు తేలు కుడితే మంత్రం వేసినా తగ్గుతుంది, వేయకున్నా తగ్గుతుంది. విషం లేని పాము కరిచినా అంతే. విషపు పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండా కరుస్తుంది. ఇట్లా తగ్గినవన్నీ మంత్రం ఖాతాలో జమ పడతాయి. తగ్గనివి మాత్రం 'ఆయుష్షు తీరింది' అని తలరాత ఖాతాలో రాస్తాం. ఇట్లాంటి పుస్తకాన్ని మన ఆడిటరు ఒప్పుకుంటాడా? మా పక్క ఊళ్లో ఒక పిల్లాడికి చీకటి పడేవేళ ఎర్రతేలు కుట్టింది. అర్ధరాత్రి దాకా మంత్రం దగ్గరే ఉన్నారు. ఆస్పత్రికి చేరేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పిల్లాడు దక్కలేదు. ఆ తల్లి ఇవాళ ఈ సభలో లేదు, కానీ ఈ మాట చెప్పమని మాతో చెప్పింది.

మంత్రం వేయించుకోవాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే గొడవ పెట్టుకోవద్దు. ఆయన్నే ఆటో ఎక్కించండి, దారి పొడుగునా వేస్తూ వస్తాడు. మా ఊళ్లో ఇప్పుడు అట్లానే చేస్తున్నాం, ఆయనే ముందు ఆటో పిలుస్తున్నాడు.

పాముకైనా తేలుకైనా గుడ్డతో బిగించి కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలికి కరిస్తే పట్టీలు, చేతికి కరిస్తే గాజులు, దారాలు తీసేయండి, వాపు వస్తే బిగుసుకుంటాయి. పాము అయితే పిల్లను నడిపించకుండా, కరిచిన కాలికి గానీ చేతికి గానీ కర్ర దన్ను పెట్టి వదులుగా కట్టి, కదలకుండా మోసుకుపోవాలి. పామును వెతికి చంపి తెచ్చే పనిలో టైం పోగొట్టొద్దు. డాక్టరు లక్షణాలు చూసే మందు ఇస్తారు.

రెండో కారణం డబ్బు, మగతోడు. రాత్రి రెండు గంటలకు ఇంటాయన ఊళ్లో లేడు, చేతిలో రూపాయి లేదు, అత్తమ్మ తెల్లారనీ అంటుంది. దీనికి మా సంఘం చేసిన తీర్మానం చెబుతాం. సంఘం నిధిలోంచి రెండు వేలు తీసి ఊరి నడుమ ఉండే ఒక సభ్యురాలి ఇంట్లో పెట్టాం. పిల్లకు గానీ పెద్దకు గానీ రాత్రిపూట ఆపద వస్తే ఎవరైనా పోయి తలుపు తట్టి తీసుకోవచ్చు. డబ్బు ముందు, సంతకం తెల్లారి. వడ్డీ లేదు, మూడు నెలల్లో కట్టాలి. తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం కాబట్టి లెక్క తప్పదు. ఇంకో మాట కూడా అందులోనే రాశాం. డబ్బు తీసుకున్న తల్లి వెంట ఇద్దరు సభ్యులు ఆస్పత్రికి పోవాలి. ఇద్దరు ఆడవాళ్లు తోడు ఉంటే ఆ ఇంట్లో తెల్లారనీ అనేవాళ్ల మాట తగ్గింది.

108 మనకు 2005లో వచ్చింది, అది ఉచితం. కానీ బండి దూరంగా ఉంటే ఆలస్యమవుతుంది. అందుకని ఊళ్లో ఇద్దరు ఆటోవాళ్లతో ముందే మాట్లాడుకుని, వాళ్ల నంబర్లు ప్రతి ఇంటి తలుపు వెనక చాక్‌పీసుతో రాయించాం. పాము మందు ఏ ఆస్పత్రిలో ఉంది, రాత్రి డాక్టరు ఎక్కడ ఉంటారు అని ఏఎన్ఎం గారిని నెలకోసారి అడిగి ఆ పేరు కూడా రాస్తున్నాం. ఒకసారి మా సభ్యురాలు ఒక ఆస్పత్రికి పోతే మందు లేదని ఇంకో చోటికి పంపారు, గంట పోయింది. ముందే తెలిస్తే నేరుగా ఉన్నచోటికే పోతాం.

ఇంక కుట్టకుండా చేసుకోవడం. మేము గమనించింది ఒకటే. గదిలోకి ఏదీ ఊరికే రాదు, ఒకదాని వెనక ఒకటి వస్తుంది. లైటుకు పురుగులు వస్తాయి. పురుగుల కోసం సాలెపురుగు, బల్లి, తేలు వస్తాయి. గింజల కోసం ఎలుక వస్తుంది. ఎలుక వెనక పాము వస్తుంది. కాబట్టి వడ్ల బస్తాల పక్కన పిల్లల్ని పడుకోబెట్టడమంటే పాము దారిలో పడుకోబెట్టడమే. గది ఒక్కటే ఉంటే బస్తాల్ని ఒక గోడకు, గోడకు జానెడు ఎడంగా, బల్ల మీద పెట్టి, పిల్లల్ని అవతలి గోడ వైపు పడుకోబెట్టండి. గోడకు మాత్రం ఆనించొద్దు. గోడ సందులు, గడప కింద సందు సిమెంటుతో గానీ మట్టితో గానీ పూడ్చండి. పిడకలు, కట్టెలు, నాపరాళ్ల ముక్కలు ఇంటి గోడకు ఆనించి పేర్చొద్దు.

తర్వాత మంచం. కింద పడుకోవడం కంటే మంచం మేలు, మంచం మీద దోమతెర ఉంటే ఇంకా మేలు. దోమతెర అంటే దోమలకే అనుకోకండి. అంచులు పరుపు కిందికో బొంత కిందికో గట్టిగా దోపితే తేలు రాదు, జెర్రి రాదు, కట్లపాము రాదు. మంచం లేకపోతే చాప చుట్టూ అయినా దోపి కట్టుకోవచ్చు. దోమతో మలేరియా వస్తుందని ప్రపంచానికి తెలిసింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు అక్కడ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు. ఇన్నేళ్లయినా మన పిల్లల మీద తెర లేకపోతే ఎట్లా? డెంగీ దోమ అయితే పగలే కుడుతుంది, కాబట్టి పగటిపూట ఊయలకు కూడా తెర కట్టాలి. మందు పట్టించిన తెరలు మూడేళ్లు, ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తాయి. వాటిని ఎండలో కాకుండా నీడలో ఆరేయండి. చిరుగు పడితే ఆ రోజే కుట్టేయండి.

పడుకునే ముందు మూడు పనులు. బొంత, దుప్పటి, దిండు తీసి దులపాలి. టార్చిలైటుతో మంచం కింద, మూలల్లో చూడాలి. తెర దోపాలి. పొద్దున బడికి పోయేముందు చొక్కా, బూట్లు దులిపించాలి. ఇంకో తమాషా సంగతి, దొంగనోట్లు చూసే నీలి లైటు ఉంటుంది కదా, చీకట్లో ఆ లైటు వేస్తే తేలు పచ్చగా మెరుస్తుంది. మా సంఘంలో నోట్లు చూడటానికి కొన్న చిన్న లైటు ఇప్పుడు ఇంటింటికీ తిరిగి తేళ్లను పట్టిస్తోంది.

నల్లులకు పాతకాలం పద్ధతే మంచిది. మంచం ఎండలో వేసి, కోళ్ల సందుల్లో సలసల కాగిన నీళ్లు పోయాలి, పిల్లల్ని దూరంగా ఉంచి. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికి గట్టి ఎండలో ఆరేయాలి. ఒకసారితో పోవు, గుడ్లు పొదిగి మళ్లీ వస్తాయి కాబట్టి వారం వారం నాలుగైదుసార్లు చేయాలి. పక్కింట్లో ఉంటే మన ఇంట్లోకీ వస్తాయి, అందుకే మా వీధిలో ఒకే ఆదివారం అందరి మంచాలూ బయటికి తెచ్చాం.

ఇక్కడ చేతులెత్తి దండం పెట్టి ఒకటి చెబుతున్నాం. పొలానికి కొట్టే మందును మంచానికి, చాపకు, పిల్లల తలకు వాడకండి. నల్లి చస్తుంది, కానీ ఆ మందు పిల్ల చర్మంలోంచి, ఊపిరిలోంచి లోపలికి పోతుంది. గింజలకు పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే బిళ్లలు ఇంకా ప్రమాదం. గాలిలో తేమ తగిలితే అవి విషపు వాయువు వదులుతాయి. ఆ గదిలో మూసిన తలుపుల వెనక పడుకున్న పిల్లలకు తెల్లారదు. మనుషులు నిద్రపోయే ఇంట్లో ఆ బిళ్లలు పెట్టనే పెట్టొద్దు. చీమలకు గీసే చాక్‌పీసు కూడా విషమే, పిల్లలు పలక మీద రాసే బలపం అనుకుని నోట్లో పెట్టుకుంటారు. పురుగు కుడితే దురద, మందు పోతే ప్రాణం.

ఇవన్నీ చెప్పడం తేలిక, డబ్బు ఎక్కడిది అంటారు. మేమూ అదే అడిగాం. అంతర్గత అప్పుల్లో గేదెకు ఇస్తాం, పెళ్లికి ఇస్తాం, మంచానికీ తెరకూ ఎందుకు ఇవ్వకూడదు అని ఒక మీటింగంతా మాట్లాడుకున్నాం. తెరకు నాలుగైదు వందలు, మంచం పాతదైతే బాగు చేయించడానికి ఇంకో వెయ్యి. నెలకు వంద చొప్పున కట్టేట్టు ఇచ్చాం. ముందు ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు, తర్వాత కింద పడుకునే ముసలివాళ్లున్న ఇళ్లకు. 'మంచానికి అప్పేంది' అని నవ్వినవాళ్లే తర్వాత అడిగి తీసుకున్నారు. ఒక్క కిస్తీ ఆగలేదు.

కాబట్టి ఈ మహాసభను మేము కోరేది మూడు పనులు. ప్రతి గ్రామ సంఘం రాత్రి ఆపద నిధి ఒకటి పెట్టుకోవాలి. మంచం, దోమతెర అప్పును అంతర్గత అప్పుల జాబితాలో చేర్చాలి. వానలు మొదలయ్యే జూన్ నెల మీటింగులో ఆశా అక్కనూ ఏఎన్ఎం గారినీ పిలిచి పాము, తేలు లక్షణాలు ప్రతి సభ్యురాలితో నోటికి చెప్పించాలి. మా ఊళ్లో ఆ తల్లికి గుర్తొచ్చింది పుస్తకంలో చదివింది కాదు, మీటింగులో నోటితో చెప్పింది. పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పకుండా మీటింగు పెట్టుకోవడం కదా, అందుకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి.

రేపు రాత్రి మీ పిల్ల ఏడ్చి లేస్తే దీపం వేయండి. మచ్చ ఎక్కడ అని వెతకడానికి ముందు పిల్ల ముఖం చూడండి. కళ్లు తెరుస్తోందా, నీళ్లు మింగుతోందా, చేతులు వెచ్చగా ఉన్నాయా, చెమట పట్టిందా. అన్నీ బాగుంటే సబ్బు నీళ్లతో కడిగి, ఒళ్లో పడుకోబెట్టుకోండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పక్కింటి తలుపు కొట్టండి. ఆ తలుపు వెనక మన సంఘం మనిషే ఉంటుంది.